ఊపిరి యాది చేసిన తాత

ఫ్లెక్సీలో ఆయన చొక్కా వేసుకుని ఉన్నాడు. అందుకే మొదట గుర్తుపట్టలేదు.

ఏదో పని మీద జగిత్యాల నుంచి కరీంనగర్ పోతున్నాను. కొడిమ్యాల వైపు దారి చీలే చోట బస్సు ఆగింది. కిటికీకి ఎదురుగా రెండు కర్రల మధ్య కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. తెల్ల చొక్కా, మెడ దాకా పెట్టిన గుండీలు, స్టూడియోవాళ్లు వెనకాల అతికించిన నీలి మేఘాలు. ఎవరో ఊరి పెద్దమనిషి అనుకుని చూపు తిప్పుకోబోతుంటే చెవులు కనబడ్డాయి. ఎవరో పిలిస్తే వినడానికన్నట్టు ముందుకు వంగి ఉండే పెద్ద చెవులు, వాటికి పాత పోగులు. బస్సు కదిలింది. సీట్లోంచి సగం లేచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్నామె మీ చుట్టాలా అని అడిగింది. అవునని చెప్పలేకపోయాను, కాదని కూడా చెప్పబుద్ధి కాలేదు.

ఫ్లెక్సీ మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో ఉంది. ఆ పేరు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సును. అక్కడ బిడ్డకు పేరుండదు, కాలికి కట్టిన పట్టీ మీద తల్లి పేరు రాసి ఉంటుంది. వెంట వచ్చినవాళ్లకు కూడా పేర్లుండవు. ఫలానా ఆమె తల్లి, ఫలానా ఆమె అత్త, అంతే. ఆయన ఒట్టి తాత. ఆడవాళ్ల మధ్య ఆయనొక్కడే మగవాడు కాబట్టి ఏ తాత అని ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు. ఇక్కడా అట్లాగే పిలుస్తాను.

ఆయన మా వార్డుకు వచ్చిన కాలం మంచిది కాదు. నేను పుట్టింది సిరిసిల్ల, మెట్టింది కోరుట్ల, ఉద్యోగం జగిత్యాల. సిరిసిల్లలో సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, వాడ వాడంతా ఆగిపోయి మగవాళ్లు మహారాష్ట్రలోని భివండి మగ్గాల దారి పట్టారు. మా బాపు అయితే నా చిన్నతనంలోనే అక్కడికి పోయాడు. కోరుట్లలో పొద్దున ఎక్కిన బస్సు జగిత్యాల చేరేదాకా చుట్టూ గల్ఫ్ ముచ్చట్లే. ఎవరిదో కంపెనీ మూతపడిందని, ఎవరికో నెలల తరబడి జీతం లేదని, ఎవరో పాస్‌పోర్టు లేక క్యాంపులోనే పడి ఉన్నారని. తాత కొడుకు అట్లా సౌదీలో ఇరుక్కుపోయినవాళ్లలో ఒకడు.

ఇక్కడ కోడలికి ఏడో నెలలోనే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లి పరిస్థితి కుదుటపడక కరీంనగర్ పెద్దాసుపత్రికి పంపారు. ఆమె వెంట ఆమె తల్లి పోయింది. తాత భార్య చనిపోయి చాలా ఏళ్లయింది. అట్లా బిడ్డ దగ్గర మిగిలింది ఆయనొక్కడే. మోకాళ్ల కిందికి దిగని ధోతి, భుజం మీద తువ్వాల, చేతిలో చెప్పులు. వార్డు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రమ్మంటే రాకుండా, అద్దంలోంచి చూస్తుండేవాడు.

నేను బయటికి వచ్చిన ప్రతిసారీ ఒక ప్రశ్న అడిగేవాడు. ఆ నీలం లైటు ఎందుకు, కండ్లకు గంతలు ఎందుకు కట్టిండ్రు, ముక్కులోంచి పోయే గొట్టం కడుపుదాకా పోతదా, పోతే గీరుకోదా. నేను చెప్పింది విని తల ఊపేవాడు. తర్వాత అదే ప్రశ్న డాక్టరమ్మను అడిగేవాడు. వార్డు ఊడ్చే అక్కను కూడా అడిగేవాడు. ముగ్గురి జవాబులూ కలిస్తే సంతోషించేవాడు. కలవకపోతే నా దగ్గరికి వచ్చి, నువ్వు గట్ల చెప్తివి, ఆమె గిట్ల చెప్పింది అని మర్యాదగా తగువు పెట్టేవాడు. నమ్మక అడగడం కాదని నాకు త్వరలోనే అర్థమైంది. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. అంత చిన్న మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు.

పిల్ల కొంచెం కుదురుకున్నాక డాక్టరమ్మ ఆయన్ను పిలిచింది. ఇక వెచ్చటి గాజు పెట్టెలో పడుకోబెడితే చాలదని, ఒంటికి ఒళ్లు ఆనించి ఎత్తుకునే మనిషి కావాలని, తల్లి వచ్చేదాకా ఆ పని ఆయనే చేయాలని చెప్పింది. ఆయన నా వైపు చూశాడు, తప్పు మనిషితో మాట్లాడుతోందని నేను చెప్తానేమోనని.

"నేనా? మగోన్ని గద బిడ్డా" అన్నాడు.

మగవాళ్లయినా ఫర్వాలేదని చెప్పాను. అప్పుడు అసలు భయం బయటపెట్టాడు. తువ్వాల పక్కకు తీసి ఎద చూపించాడు. చిన్నప్పటి నుంచి కల్లు గీయడానికి తాళ్లు, అంటే తాటిచెట్లు, ఎక్కిన మనిషి. నడుముకు మోకు కట్టుకుని, చెట్టుకు ఒరుసుకుంటూ ఎక్కి దిగి, ఎద మీద, ముంజేతుల లోపలివైపు చర్మం నల్లగా, మందంగా కాయలు కాసి ఉంది.

"గిది ఎద గాదు బిడ్డా, గరుకు బండ. ఆమె తోలు ఉల్లిపొర లెక్కున్నది. గీరుకపోదా?"

డాక్టరమ్మ ముందుకు వచ్చి ఆ ఎద మీద అరచెయ్యి పెట్టింది. ఆయన ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాడు. వెచ్చగా ఉంది, అది చాలు అని చెప్పి ఆమె ఇంకో బిడ్డ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన మాత్రం అది చాలనుకోలేదు. గడియారం టవర్ దగ్గర మంగలి దుకాణానికి పోయి ఎద మీది వెంట్రుకలు తీసేయమన్నాడట. ఎవరన్నా పోయారా అని మంగలి అడిగాడట. పోలేదు, వచ్చింది, మనుమరాలిని ఎత్తుకోవాలె అని ఈయన చెప్పాడట. మంగలి నవ్వి, పిల్ల ఏమంటదో మళ్లొచ్చి చెప్పమన్నాడట. ఇదంతా ఆయనే నాకు చెప్పాడు. అక్కడి నుంచి వచ్చి, వెనక నల్లా దగ్గర సబ్బుతో ఎర్రబడేదాకా రుద్దుకుని స్నానం చేశాడు. ఎదకు కొబ్బరినూనె పట్టించి, మళ్లీ జారిపోతదేమోనని తుడుచుకుని, చివరికి పెండ్లిచూపులకు వచ్చినవాడిలా వార్డులో కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

పిల్లకు టోపీ, మేజోళ్లు, చిన్న లంగోటీ. కుర్చీ వెనక్కి వాల్చి, ఆయన ఎద మధ్యలో నిలువుగా ఆనించి, కాళ్లు కప్పకాళ్లలా మడిచి, తల పక్కకు తిప్పి, పైన మెత్తటి బట్టతో చుట్టి కట్టాను. ఆయన ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఊపిరి తీసుకో తాతా అన్నాను. తీసుకుంటే ఆమె కదులుతది అన్నాడు. కదలాలె, దానికోసమే పెట్టింది అని చెప్పాను. అప్పుడు మెల్లగా, నీళ్లలోకి దిగుతున్నవాడిలా, ఊపిరి వదిలాడు. పిల్ల ఆ ఎదతోపాటు పైకి లేచి కిందికి దిగింది. కాసేపటికి దాని పిడికిలి విప్పుకుంది. ఆయన దించిన చూపు ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రగా అయ్యాయి.

నేను శిక్షణలో ఇదంతా చదువుకున్నాను. ఒంటికి ఒళ్లు తగిలితే బిడ్డకు వేడి నిలుస్తుంది, గుండె, ఊపిరి కుదురుకుంటాయి, ఏడుపు తగ్గుతుంది, నిద్ర పడుతుంది, ఆ నిద్రలో పెరుగుతుంది. తల్లుల దగ్గర కళ్లారా చూశాను కూడా. తల్లి దగ్గర అయితే పెద్దగా ఆశ్చర్యం ఉండదు. పాలు అక్కడే, వాసన అక్కడే, కడుపులో ఉన్నప్పుడు విన్న గుండె చప్పుడు అక్కడే. తాత దగ్గర అవేవీ లేవు. అయినా గుండె, ఊపిరి చూపించే యంత్రం మీద అంకెలు తల్లుల దగ్గర కుదురుకున్నట్టే కుదురుకున్నాయి. ఆ గరుకు ఎదలో ఆ పిల్లకు ఏం దొరికిందో నాకు తెలుసుకోవాలనిపించింది. ఆయన్ను చూసీ చూసీ ఆయన రోగం నాకూ అంటుకుంది.

ఆయన కూడా అదే ఆలోచిస్తున్నాడు. పెట్టెలో కూడా వేడి ఉంటది గదా, మరి నేనెందుకు అని ఒకరోజు అడిగాడు. పెట్టెకు ఊపిరి లేదు తాతా అన్నాను. ఆయన తన ఎదతోపాటు పిల్ల వీపు పైకీ కిందికీ కదలడం చూశాడు. తర్వాత, అయితే నా ఊపిరి చూసుకుంట ఆమె నేర్చుకుంటున్నదన్నమాట అన్నాడు. అవునో కాదో నాకు తెలియదు. డాక్టరమ్మను అడిగితే, కొంత తెలుసు, కొంత తెలియదు అంది. ఆ జవాబు ఆయనకు బాగా నచ్చింది. వచ్చిన ప్రతి కొత్త తల్లికీ, మన డాక్టరమ్మకు గూడ అంత తెల్వదట అని గొప్పగా చెప్పేవాడు. తెలియనిది తెలియదనే చెప్తుంది కాబట్టి ఆమెను నమ్మవచ్చని ఆయన లెక్క.

కూర్చున్నంతసేపూ పిల్లతో మాట్లాడేవాడు. పాటలు రావు ఆయనకు. కథలు రావు. తనకు తెలిసినవి చెట్లు. వాగు పక్కన వంకర తాడు, దానికి పైన చీలిక ఉంది, కుడికాలు అక్కడ పెట్టాలె. దర్గా వెనకది పిడుగు పడ్డా బతికింది. చెలకలో జంట చెట్లు, ఒకటి కల్లు పారితే ఇంకొకటి అలుగుతది. ఇట్లా ఊరి చుట్టూ ఉన్న తాళ్లన్నిటినీ వరసగా, తొందరేమీ లేకుండా చెప్పుకుంటూ పోయేవాడు. పక్క కుర్చీల్లో తల్లులు మొదట మొదట కొంగు అడ్డం పెట్టుకుని, ఆయన ఉన్నాడని ముడుచుకుని కూర్చునేవాళ్లు. ఆయన మధ్యలో తెర కట్టించి, తెర ఇవతల గోడవైపు ముఖం పెట్టి కూర్చునేవాడు. వారం తిరక్కముందే తెర అవతల నుంచి, తాతా, ఆ దర్గా వెనక చెట్టు ముచ్చట ఇంకోసారి చెప్పు, మావోడు పండుకుంటుండు అని అడగడం మొదలైంది.

ఇంత బాగా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పిల్ల ఊపిరి ఆగింది.

యంత్రం కూసింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి పిల్ల పెదాలు నీలంగా మారుతున్నాయి. ఆయన ఎద మీదే ఉంచి అరికాలు రుద్దాను, వీపు నిమిరాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత చిన్న వణుకు, చిన్న ఏడుపు, రంగు తిరిగి వచ్చింది. నెలలు నిండని పిల్లల్లో ఇది మాకు కొత్త కాదు. మెదడు ఇంకా పూర్తిగా తయారుకాదు కాబట్టి నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతుంటారు. తాతకు అదే చెప్పాను. ఆయన పిల్లను పెట్టెలో పెట్టమని సైగ చేసి, తువ్వాల కూడా తీసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఆయన రాలేదు. తలుపు దగ్గర లేడు, నల్లా దగ్గర లేడు. నేను వెతుక్కుంటూ పోతే గేటు ఎదురుగా చాయ హోటల్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముందు చాయ పెట్టుకుని తాగకుండా చూస్తున్నాడు.

"నా ఎద మీదనే ఆగింది బిడ్డా. నా చేతులల్లనే. కొడుకుకు ఏమని చెప్పాలె?" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. నీ వల్ల ఆగలేదని ఎన్ని విధాల చెప్పినా తల అడ్డంగా ఊపుతున్నాడు. చివరికి, నిన్న నువ్వు పోయినంక పెట్టెల ఉన్నప్పుడు గూడ మర్చిపోయింది తాతా, పొద్దుగాల మళ్ల మర్చిపోయింది అన్నాను. అది నిజమే.

ఆయన నా వైపు తిరిగాడు. "నేను లేనప్పుడు మర్చిపోయిందా? అప్పుడు ఎవలు యాది చేసిండ్రు?"

డ్యూటీలో ఉన్న సిస్టర్ చేసిందని చెప్పాను.

"యాది చేస్తె తీసుకుంటదా మరి?"

"తీసుకుంటది."

చాయ అట్లాగే వదిలేసి లేచాడు. నేను రోడ్డు దాటేసరికి ఆయన నల్లా కింద ఉన్నాడు.

ఆ రోజు నుంచి ఎత్తుకున్నంతసేపూ ఆయన చెయ్యి పిల్ల వీపు మీదే ఉండేది. మొదట్లో వేళ్లతో సన్నగా దువ్వేవాడు. అట్లా దువ్వితే ఈ పిల్లలకు చిరాకు, చెయ్యి పూర్తిగా ఆనించి కదపకుండా ఉంచాలని నేర్పాను. గట్టిగా ఒత్తకూడదు, ఉందో లేదో అన్నట్టూ ఉండకూడదు. దానికి ఆయనకు కొన్ని రోజులు పట్టింది. యంత్రం కూసినప్పుడు మాత్రమే అరచేత్తో ఒక్కసారి కింది నుంచి పైకి రాసేవాడు. ఏం చేస్తున్నవు తాతా అని ఎవరైనా అడిగితే, ఊపిరి యాది చేస్తున్న అనేవాడు. యంత్రం కూయడం మెల్లమెల్లగా తగ్గింది. నెలలు నిండేకొద్దీ అది ఎట్లాగూ తగ్గేదే. ఆయన చెయ్యి వల్ల ఎంత తగ్గింది, పిల్ల పెరగడం వల్ల ఎంత తగ్గింది అని నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తేల్చుకోలేదు.

కొడుకు ఫోన్ చేయడానికి క్యాంపులో ఎవరో ఒకరు దయతలచాలి. ఒక సాయంత్రం వీడియో కాల్ కలిసింది. తాతకు ఫోన్ పట్టుకోవడం రాదు, రెండు చేతులూ పిల్ల మీద ఉన్నాయి కాబట్టి నేనే ఆయన ముఖం ముందు పట్టుకున్నాను. అవతల గడ్డం పెరిగిన మనిషి, వెనక ఇనుప మంచాలు. బాపు, అంగి లేదేంది అని నవ్వబోయాడు. అప్పుడు బట్ట కిందినుంచి టోపీ కనిపించింది. నేను బట్ట కొంచెం తొలగించి పిల్ల ముఖం చూపించాను. అతను కదలకుండా చూస్తుండిపోయాడు. లైను పోయిందేమో అనుకున్నాను. పోలేదు. కళ్లు తుడుచుకున్నాక అతను బిడ్డ గురించి ఏమీ అడగలేదు.

"నన్ను గూడ గిట్ల ఎత్తుకున్నవా బాపు?" అన్నాడు.

తాత అబద్ధం చెప్పగలిగేవాడే. చిన్న మాట, కొడుకు ఎక్కడో దూరంలో ఉన్నాడు.

"లేదు కొడుకా. నువ్వు పుట్టినప్పుడు నన్ను అర్రలకు రానియ్యలే. తర్వాత నేనే రాలే" అన్నాడు.

నేను ఫోన్ పట్టుకుని పక్కకు చూస్తూ నిలబడ్డాను. మా బాపు భివండి నుంచి వచ్చినప్పుడు తెచ్చిన బట్టలు మంచం మీద పెట్టి, వెళ్లి అరుగు మీద కూర్చునేవాడు. మేము బట్టల దగ్గరికి పోయేవాళ్లం, ఆయన దగ్గరికి కాదు. ఆయన రమ్మనేవాడూ కాదు. ఆ చేతులు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. పోగు తెగితే రెప్పపాటులో ముడివేసే చేతులని మాత్రం తెలుసు. చూసి తెలిసిందే, తగిలి కాదు.

కోడలు బతికి కరీంనగర్ నుంచి వచ్చిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. ఇంకా సరిగా నడవలేని మనిషి, తల్లి భుజం పట్టుకుని వార్డు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. మా వైపు కోడలు మామ ఎదుట కొంగు నెత్తిన కప్పుకుంటుంది, నేరుగా మాట్లాడదు. ఇక్కడేమో మామ తువ్వాల కూడా లేకుండా వాలు కుర్చీలో, ఎదకు తన బిడ్డను కట్టుకుని ఉన్నాడు. ఆయన ఆమెను చూశాడు. లేవలేడు, దాక్కోలేడు. కళ్లతో నన్ను పిలిచాడు.

నేను కట్టు విప్పి పిల్లను తీసుకున్నాను. అది కయ్యిమంది. ఆయన తువ్వాల భుజాల నిండా కప్పుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కోడలిని అదే కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు విప్పి, పిల్లను ఆమె ఎద మీద ఆనిస్తుంటే, ఆయన గోడకు చెప్పడం మొదలుపెట్టాడు.

"సిస్టరమ్మా, ఆమెకు చెప్పు. తలకాయ ఎడమదిక్కు మలిపితె ఊకుంటది. పాలు వట్టంగనె పండవెట్టొద్దు, కక్కుతది. నడుమ నడుమ ఊపిరి మర్చిపోతది, భయపడొద్దు, ఈపు మీద చెయ్యేస్తె యాదికొస్తది."

కోడలు ప్రతి మాటకూ తల ఊపుతోంది. ఆయన అది చూడటం లేదు.

"ఇంకోటి చెప్పు. పిల్ల జల్ది పుట్టింది ఆమె తప్పు గాదని చెప్పు."

అప్పటిదాకా ఏడవని ఆమె అప్పుడు ఏడ్చింది. ఆయన గోడ పట్టుకుని, ఇటు తిరగకుండానే, పక్కవాటుగా నడిచి బయటికి వెళ్లిపోయాడు. తర్వాత నేను వరండాలోకి వెళ్తే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మే నెల ఎండ. ఆయన మాత్రం చలి పెడుతున్నవాడిలా రెండు చేతులూ ఎదకు అడ్డంగా కట్టుకుని ఉన్నాడు.

డిశ్చార్జి రోజు నన్ను పక్కకు పిలిచి ఒక మాట కోరాడు. ఇన్ని రోజులు ఎత్తుకుంది తల్లే అని ఊర్లో చెప్తానని, ఎవరైనా వచ్చి అడిగితే నేను కూడా అట్లాగే చెప్పాలని. సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. అది కాదట. నెలలు నిండక ముందే కన్నదని, కన్న బిడ్డను ఎత్తుకునే రాత కూడా లేకపోయిందని చుట్టాలు ఆమెను తలా ఒక మాట అంటున్నారట. "గా మాటలు ఆమె మోయలేదు. నాకు పోయేదేమున్నది?" అన్నాడు. నేను సరేనన్నాను. కానీ ఎవరూ వచ్చి అడగలేదు.

తర్వాత పిల్లను పరీక్షలకు తీసుకొచ్చేవాళ్లు. ఒకసారి వాళ్ల వెంట కొడుకు కూడా ఉన్నాడు. పాస్‌పోర్టు లేనివాళ్లకిచ్చే ఔట్‌పాస్ మీద, ఒంటి మీది బట్టలతో తిరిగి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అడిగినదానికి జవాబు చెప్పడు, చూస్తే చూసిన వైపే చూస్తుంటాడు. ఇంట్లో కూడా అట్లాగే ఉన్నాడని, తిండి లేదు, నిద్ర లేదు, తనకు భయమవుతోందని కోడలు నాతో మెల్లగా చెప్పింది. అట్లా వచ్చినవాళ్లు కొందరు ఏమయ్యారో మాకందరికీ తెలుసు. బిడ్డ అతన్ని చూస్తే గుక్కపట్టి ఏడుస్తోందట. అతనూ ముట్టుకోవడం లేదట.

వరండాలో అందరూ చూస్తుండగా తాత, బెంచీ మీద కూర్చున్న కొడుకు ముందు మోకాళ్ల మీద కూర్చుని, చిన్నపిల్లాడికి విప్పినట్టు అతని చొక్కా గుండీలు తనే విప్పాడు. కొడుకు అడ్డుకోలేదు, సాయపడలేదు. ఆఖరి గుండీ విప్పాక తాత తన అరచెయ్యి కొడుకు ఎద మీద ఆనించి కాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత పిల్లను తెచ్చి అక్కడ ఆనించి, తనే పట్టుకున్నాడు. పిల్ల చాలాసేపు ఏడ్చింది. కొడుకు చేతులు వేలాడేసుకునే ఉన్నాడు. వెంటనే ఏ అద్భుతమూ జరగలేదు. నాకు లోపలి నుంచి పిలుపొచ్చి వెళ్లిపోయాను. మళ్లీ నెలలో వచ్చినప్పుడు పిల్లను కొడుకే ఎత్తుకుని ఉన్నాడు. అది అతని ఎద మీద వెంట్రుకలు పట్టి గుంజుతుంటే, అబ్బ అంటున్నాడు. తిరిగి వచ్చాక అతని నోటి నుంచి నేను విన్న మొదటి మాట అదే. తాత ఎక్కడున్నాడా అని చూశాను. టవర్ దగ్గర మంగలికి సంగతి చెప్పి రావడానికి పోయాడట.

ఆ తర్వాత వాళ్లు రావాల్సిన అవసరం లేకపోయింది. ఏళ్లు గడిచాయి.

ఫ్లెక్సీ చూశాక వచ్చిన ఆదివారం, దాని మీద రాసి ఉన్న ఆయన ఊరికి పోయాను. గూనపెంకుల ఇల్లు. కోడలు చాట ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. నన్ను చూడగానే చాట పక్కకు నెట్టి లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. కొడుకు మళ్లీ గల్ఫ్ పోలేదు, ట్రాక్టర్ నడుపుతున్నాడు. తండ్రికి చివరి నెలల్లో దమ్ము వచ్చేదని, పడుకోలేకపోయేవాడని, తను వెనక కూర్చుని ఆనించుకుంటే కొంచెం కన్నుమూసేవాడని చెప్పాడు. అట్లా ఆనుకుని ఉన్నప్పుడే పోయాడట. ఎప్పుడు పోయాడో తెలియలేదట.

పిల్ల మర్నాటికి బడి సంచీ సర్దుకుంటూ మా మాటలు వింటోంది. పొడుగ్గా, సన్నగా, రెండు జడలతో ఉంది. చెవులు ముందుకు వంగి ఉన్నాయి. నేనెవరో తల్లి చెప్పింది. పిల్ల దగ్గరికి వచ్చి, చిన్నప్పుడు తను ఎంత ఉండేదని అడిగింది. నా అరచేతి నుంచి మోచేయి దాకా చూపించాను. అబద్ధం అంది. నిజమేనన్నాను. మా అమ్మ నన్ను ఎద మీద కట్టుకుని బతికించిందట గదా అంది.

కోడలు నా వైపు చూసింది. తర్వాత పిల్ల వైపు తిరక్కుండా నాతోనే అంది.

"చెప్తనంటె మామ ఎన్నడు చెప్పనియ్యలే. ఇన్నేండ్లు నేను మోసిన్నని అందరికి చెప్పుకుంట తిరిగిండు. ఇగ మీరు చెప్పుండ్రి సిస్టర్."

నేను చెప్పాను. ఉల్లిపొర లాంటి చర్మం సంగతి, నల్లా కింద స్నానాల సంగతి, తెర ఇవతల చెప్పిన తాళ్ల ముచ్చట్లు, ఆగిన ఊపిరి, వీపు మీద చెయ్యి. కొడుకు గడపలో కూర్చుని వింటున్నాడు. అందులో కొన్ని సంగతులు అతనికి కూడా తెలియవు. పిల్ల మధ్యలో ఒక్క మాట అడగలేదు. అంతా అయ్యాక కింది పెదవి పంటితో పట్టుకుని ఆలోచించింది. నేను చెప్పినదాంట్లో ఏదో తక్కువైందని దానికి అనిపిస్తోంది.

"గన్ని రోజులు ఎద మీద పండుకుంటె, మరి తాతకు కితకితలు కాలేదా?" అంది.

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గడపలో కొడుకు భుజాలు కదిలాయి, ఏడుస్తున్నాడేమో అనుకున్నాను, నవ్వుతున్నాడు. పిల్ల మాత్రం నవ్వలేదు. నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడి ఉంది.

అన్ని వారాలు ఆయన పక్కన నిలబడి, ఆయన అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు వెతికాను కానీ, నాకు ఆ ప్రశ్న తట్టలేదు. తెలియదమ్మా, అడగలేదు అని చెప్పాను.